దొంగగారికి ఇబ్బంది కలగని అలారం: బిగింపు, పోషణ

కోనసీమలో ఇంటికి కాపలా ఎందుకో వేరే చెప్పక్కర్లేదండి. పిల్లల్లో ఒకరు కువైట్‌లో, ఇంకొకరు హైదరాబాదులో ఉంటారు. ఇంట్లో మిగిలేది పెద్దవాళ్లిద్దరు, ఒక బీరువా, పెరట్లో కొబ్బరికాయల రాశి, సంక్రాంతికని బాదంపప్పు పెట్టి మేపుతున్న పుంజు. అందుకే ఈమధ్య అమలాపురం గడియారస్తంభం సెంటరు దాకా వెళ్లి మెకానిక్కుని బతిమాలకుండా ఎవరి అలారం వాళ్లే బిగించుకుంటున్నారు. కిట్టు పార్సిల్లో ఇంటికే వస్తుంది. అందులో ఒక పానెల్, తలుపులకు అంటించే సెన్సర్లు, కదలికను పసిగట్టే సెన్సరు, హారన్, సిమ్ము పెట్టే అర, రెండు రిమోట్లు ఉంటాయి. వీటితోపాటు చీమ తలకాయంత అక్షరాలతో ఒక కాగితం కూడా ఉంటుంది.

ముందు ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టండి. అదంతా చాదస్తం. దాని బదులు ఈ కింది సూత్రాలు పాటించండి. రాజోలైనా, కొత్తపేటైనా, లంక గ్రామమైనా ఇవి నూటికి నూరుపాళ్లూ పనిచేస్తాయి. ఎవరికి పనిచేస్తాయన్నది మాత్రం అడక్కండి.

1. ముందు బోర్డు, తరవాతే సరుకు

"ఈ ఇల్లు సీసీ కెమెరాల నిఘాలో ఉంది" అన్న బోర్డు గేటు మీద ఎంత పెద్దగా ఉంటే అంత మంచిది. ఖర్చులో సగం దానికే కేటాయించండి. దాని పక్కనే కిట్టు కంపెనీ స్టిక్కరు, మోడల్ నంబరుతో సహా అంటించండి. వచ్చేవాడు ఏ పనిముట్లు తెచ్చుకోవాలో ముందే తెలిస్తే వాడికి శ్రమ తగ్గుతుంది.

ఉన్న కెమెరాలన్నీ వీధివైపే పెట్టండి. మనింటికి బంధువులు వీధి గుమ్మంలోంచే వస్తారు కదా, దొంగ కూడా మర్యాద తెలిసినవాడే అయి ఉంటాడు. పెరటివైపు కొబ్బరి తోట, దాని వెనక పంటకాలువ గట్టు, ఆ గట్టు మీద వీధిదీపం లేని దారి ఉన్నాయని ఎవరైనా గుర్తుచేస్తే నవ్వేయండి. పెరటి తలుపు గడియ వదులైందని ఎదురింటి మామ్మగారు ఏడాదిగా చెబుతూనే ఉంటారు. గడియ మార్చడానికి పట్టే ఖర్చు అలారం ఖర్చుతో పోలిస్తే ఏ మూలకీ రాదు. అంత చవక పనికి మన స్థాయి వాళ్లు దిగకూడదు.

2. తలుపు సెన్సరు గడప మీదే

తలుపు సెన్సరులో రెండు ముక్కలుంటాయి. ఒకదాంట్లో అయస్కాంతం, రెండోదాంట్లో ఆ అయస్కాంతం దగ్గరుంటే కలిసి, దూరమైతే విడిపోయే సన్నటి రేకుల స్విచ్చి. ఒకటి తలుపు రెక్కకి, ఇంకొకటి ద్వారబంధానికి ఎదురెదురుగా పెట్టాలి. తలుపు మూసినప్పుడు రెండింటి మధ్య సందు సెంటీమీటరుకి మించకుండా చూసుకోమంటుంది కాగితం.

మీరు అంత కష్టపడకండి. గడప దగ్గర కిందనే అంటించండి. శుక్రవారం శుక్రవారం గడప కడిగి పసుపు రాసే ఇంట్లో దానికీ వారానికో స్నానం జరుగుతుంది. అంటించడానికి కిట్టులో ఇచ్చిన టేపు చాలు, మేకులూ మరలూ వద్దు. తలుపుకి నూనె రాసి ఉంటే ఇంకా మంచిది, టేపు రెండ్రోజుల్లో తనంతట తానే ఊడొస్తుంది.

ఇక మన పాత పెంకుటిళ్లకు ఉండేవి రెండు రెక్కల తలుపులు. సెన్సరు ఒక్క రెక్కకే పెట్టండి. రెండో రెక్క దొంగగారి వాటా. శ్రావణంలో చెక్క నీరుపట్టి ఉబ్బి తలుపు పూర్తిగా మూసుకోదు, మేలో ఎండిపోయి సందు పెరుగుతుంది. ఆ రెండు కాలాల్లోనూ పానెల్ "తలుపు తెరిచి ఉంది" అని ఒకటే గోల పెడుతుంది. అప్పుడు రెక్క చిత్రిక పట్టించడం, సెన్సరు జరపడం లాంటి పనులు పెట్టుకోకండి. పానెల్లో ఆ తలుపునే లెక్కలోంచి తీసేయండి. గోల వదిలిపోతుంది.

3. కదలిక సెన్సరుకి ఎండ తగలనివ్వండి

ఈ సెన్సరు మనిషిని చూడదు, వేడిని చూస్తుంది. ఒంటి వేడి దాని ముందు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి జరిగినప్పుడు ఆ తేడాని పట్టుకుంటుంది. అందుకని ఏడడుగుల ఎత్తున, గది మూలలో, నడిచేవాడు అడ్డంగా దాటిపోయేలా బిగించమంటారు. నేరుగా దాని మీదికే నడిచొచ్చేవాణ్ణి పట్టుకోవడం దానికి కష్టం. కిటికీ ఎండ, పొయ్యి సెగ తగిలేచోట పెట్టొద్దంటారు. గాజు పలకలోంచి ఒంటి వేడి దాటదు కాబట్టి కిటికీ వెనక దాచినా దానికేమీ తెలియదు.

ఇవన్నీ తలకిందులు చేస్తే మన పద్ధతి. పడమటి కిటికీకి ఎదురుగా పెట్టండి. సాయంత్రం ఎండ పడగానే అలారం మోగుతుంది, దీపం పెట్టే వేళయిందని తెలుస్తుంది. మండువా లోగిలి ఉంటే ఇంటి లోపలికని తయారుచేసిన సెన్సరుని మండువాలోనే వేలాడదీయండి. వాన, పిచ్చుకలు, ఆరేసిన చీరలు, పిల్లి, అన్నీ దాని ముందు నుంచే పోతాయి. మే నెలలో గది వేడి మనిషి ఒంటి వేడికి దగ్గరవుతుంది. అప్పుడు సెన్సరుకి మనిషికీ గోడకీ తేడా తెలియదు. అదీ మన మంచికే, మిట్టమధ్యాహ్నం కునుకు తీసే వేళ ఏ మోతా ఉండదు.

4. కెమెరా కొబ్బరి చెట్టుకే

పెరట్లో కెమెరాకి స్తంభం ఎందుకు, చెట్లున్నాయిగా! కొబ్బరి మానుకి మేకు కొట్టి బిగించండి. గాలి వీచినప్పుడల్లా దృశ్యం ఊగుతుంది, అలారానికి అదీ కదలికే. పైనుంచి ఎండుమట్ట జారిందంటే కెమెరాతో సహా కిందికి వస్తుంది. దింపు తీసేవాళ్లు వచ్చిన రోజున కాయలతోపాటు దాన్ని కూడా రాశిలో వేస్తారు.

రాత్రిపూట కెమెరా చుట్టూ కంటికి కనబడని వెలుగు చిమ్మే చిన్న దీపాలుంటాయి. ఆ చుట్టుపక్కల దోమలు, రెక్కల పురుగులు మూగుతాయి. పురుగులున్నచోటికి సాలీడు వచ్చి సరిగ్గా కెమెరా కన్ను ముందే గూడు కడుతుంది. పగలు చూస్తే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. రాత్రి మాత్రం ఒక్కో పోగూ తెల్లటి తాడంత లావున మెరుస్తుంది, సాలీడు తెరంతా పరుచుకుని ఒక మూల నుంచి ఇంకో మూలకి పోతుంది, పోయినప్పుడల్లా ఫోన్‌కి కబురొస్తుంది. పది రోజులకోసారి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలునంటారు. ఒక ప్రాణి కట్టుకున్న ఇల్లు పడగొట్టడం మనకెందుకండి, పాపం!

సముద్రం పక్కన, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉన్నవాళ్లు ఉప్పుగాలి సంగతి అసలు పట్టించుకోకండి. తుప్పు పట్టని స్టీలు మరలు అడిగితే షాపువాడు ఎక్కువ చెబుతాడు. మామూలు ఇనప మరలు వాడితే కొన్నాళ్లకు తుప్పు తినేసి కెమెరా తల దించుకుంటుంది, అక్కణ్ణుంచి మీ గచ్చు ఎంత శుభ్రంగా ఉందో చక్కగా చూపిస్తుంది. హారన్ డబ్బాకి వైరు దూరే కన్నం మూయకండి. చీమలకీ బల్లులకీ కూడా నీడ కావాలి. బల్లి సర్క్యూట్ మీద అడ్డం పడి చస్తే హారన్ ఇక నోరెత్తదు, మీరు హాయిగా నిద్రపోవచ్చు.

5. సంకేతం ఇంట్లో వాళ్లకి తప్ప అందరికీ తెలియాలి

పాస్‌వర్డు కంపెనీవాడు పెట్టిందే ఉంచండి. మార్చితే మర్చిపోతారు. ఎలాగూ మార్చాల్సి వస్తే బండి నంబరు పెట్టుకోండి, అది బండి మీదే రాసి ఉంటుంది. పానెల్ అంకెలు గోడ క్యాలెండరు మీద, పాల లెక్క పక్కన రాసుకోండి. తాళంచెవి ఎప్పటిలాగే తులసికోట వెనకో, పెరటి గుమ్మం పైనో ఉండనీయండి. పాత దొంగలకి కొత్త అలవాట్లు నేర్పకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, అలారం మీటలు ఇంట్లో ఆడవాళ్లకి నేర్పకండి. సంకేతం కువైట్‌లో ఉన్న అబ్బాయికి మాత్రమే తెలియాలి. మోగినప్పుడు అమ్మ ఫోన్ చేస్తే, అబ్బాయి డ్యూటీ దిగాక చెబుతాడు. కెమెరా, తెర, అలారం మీట కలిపి ఇంటి భద్రతకని ఒక ఏర్పాటును మొదట ఊహించింది న్యూయార్క్‌లో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు అని ఎవరైనా చెబితే నమ్మకండి. వేళగాని వేళల్లో డ్యూటీలు, పిలిస్తే పోలీసులు తొందరగా రాని పేట, ఇంట్లో ఒంటరితనం. వాటితో విసిగి తలుపులోని చూపుడు కన్నాల వెనక జరిగే కెమెరా, పడకగదిలో తెర, కూర్చున్నచోటు నుంచే తలుపు తీసే మీట, సాయం పిలిచే ఇంకో మీట ఉండేలా గీసుకుని, భర్త ఆల్బర్ట్‌తో కలిసి 1966లో పేటెంటుకి పెట్టింది. 1969 డిసెంబరులో అది మంజూరైంది. అయితే ఏమిటి? గల్ఫ్ వెళ్లి ఏళ్ల తరబడి చాకిరీ చేసి రాజోలు చుట్టుపక్కల డాబాలు కట్టించిన ఆడవాళ్లకి కూడా ఆ డాబాల అలారం అంకెలు తెలియకపోవడమే మన సంప్రదాయం.

6. కరెంటు పోదు, సిమ్ము చావదు, నెట్టు ఆగదు

ఈ మూడూ వేదవాక్యాలని నమ్మి బిగించండి. 1996 నవంబరు 6 తుపాను కొబ్బరి తోటల్ని కూకటివేళ్లతో కూల్చేశాక ఎన్నో ఊళ్లు వారాల తరబడి చీకట్లో ఉన్నాయని పెద్దవాళ్లు చెబుతారు. అదంతా పాత కథ అనుకోండి. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ పెట్టి, పానెల్ 200 మిల్లీఆంపియర్ల చొప్పున తాగుతుంటే, కొత్త బ్యాటరీ అయినా కాగితం లెక్కన 35 గంటలు వస్తుంది, హారన్ మోగకుండా ఉంటేనే. మీ బ్యాటరీ కొని నాలుగేళ్లయింది, పొట్ట ఉబ్బింది. అలాగే ఉంచండి, దానికీ వయసొచ్చింది.

సిమ్ము విషయంలో ఇంట్లో వాడకుండా మూల పడేసింది ఏది దొరికితే అది పెట్టేయండి. ఈ కిట్లలో చవక రకాలు 2జీ మీదే నడుస్తాయి, జియోకి 2జీయే లేదు, కాబట్టి ఆ సిమ్ము పెడితే పానెల్ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. వేరే సిమ్ము పెట్టినా రీచార్జి అక్కర్లేదనుకోండి. అలారం ఎప్పుడో ఒకసారి గాని మాట్లాడదు, దానికి నెలనెలా డబ్బు పోయడం దుబారా.

ఇక ఇంటర్నెట్టు. 2022 మే 24 అల్లర్ల తరవాత కోనసీమలో మొబైల్ నెట్టు రోజుల తరబడి ఆపేస్తే, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి దాటారు. నెట్టు మీదే బతికే కెమెరా గోదావరి దాటలేదు కదా. అయినా సరే, నెట్టు లేకపోయినా దానంతట అదే మోగే హారన్ వేరే ఉండాలన్న చాదస్తం పెట్టుకోకండి. లంకల్లో ఉన్నవాళ్లు పానెల్‌ని నేలకి జానెడు ఎత్తులో బిగించండి. ఏటా వరద వచ్చి దాని బాగోగులు చూసిపోతుంది.

7. రికార్డు డబ్బా టీవీ మీద

కెమెరాల దృశ్యాలన్నీ దాచే డబ్బా ఇంట్లోకి రాగానే కనబడాలి. హాల్లో టీవీ పైన, నీలం దీపం వెలుగుతూ, వైర్లు కిందికి వేలాడుతూ ఉంటే వచ్చినవాడికి వెతుక్కునే పని ఉండదు, పోతూ పోతూ చంకన పెట్టుకుపోతాడు. గదిలో అటక మీద తాళం వేసిన పెట్టెలో పెట్టడం, దృశ్యాల నకలు ఇంకోచోట దాచడం అనుమానపు మనుషుల లక్షణం.

డబ్బాలో తేదీ, టైమూ సరిచేయకండి. దొంగతనం ఏ సంవత్సరం జనవరి ఒకటో తారీఖునో జరిగినట్టు కనబడితే కేసు రసవత్తరంగా ఉంటుంది. డిస్కు నిండగానే పాతవాటి మీద కొత్తవి రాసేస్తుంది కాబట్టి, రెండు నెలలు కూతురింట్లో ఉండి వచ్చాక తీరిగ్గా చూడండి. 2020 సెప్టెంబరు మొదటివారంలో అంతర్వేది నరసింహస్వామి రథం షెడ్డులోనే కాలి బూడిదైనప్పుడు, అక్కడి సీసీ కెమెరాలు పనిచేయడం లేదని వార్తలొచ్చాయి. ఊరంతా ఏకమై తలెత్తి చూసే రథానికే ఆ గతి పట్టాక, మన బీరువా కెమెరా పనిచేస్తోందో లేదో ఎవరు చూడొచ్చారు!

8. నాలుగుసార్లు ఊరికే మోగిందా, కట్టేయండి

అలారం పిల్లికి మోగుతుంది, ముంగిసకి మోగుతుంది. మొదటిసారి వీధంతా లేస్తారు. రెండోసారి పక్కింటివాళ్లు లేస్తారు. మూడోసారి మామ్మగారు ఒక్కరే లేచి, "మళ్లీనా?" అని పడుకుంటారు. నాలుగోసారి "నాన్నా పులి" కథ పూర్తవుతుంది. ఎందుకు మోగుతోందో కనుక్కుని సెన్సరు జరపడం, దాని సున్నితం తగ్గించడం పది నిమిషాల పనే. మీరు మాత్రం హారన్ వైరు పీకేయండి.

తరవాత మన దగ్గర రాత్రి రెండు, కువైట్‌లో పదకొండున్నర అయిన వేళ ఇలా నడుస్తుంది.

"నాన్నా, పెరట్లో ఏదో కదిలింది. ఫోన్‌లో కనబడుతోంది."

"ఏం లేదురా, మట్ట పడింది."

"మరి హారన్ మోగలేదేం?"

"మొన్న పిల్లికి మోగితే మీ అమ్మ హడిలిపోయింది. కట్టేశాను."

"అంత డబ్బు పోసి కొన్నది కట్టెయ్యడానికా నాన్నా?"

"కొన్నది నువ్వే కదరా. పడుకో, రేప్పొద్దున డ్యూటీ ఉంటుంది నీకు."

9. ఊరెళ్తున్న సంగతి ఊరికంతా చెప్పండి

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరారా, కారెక్కుతూనే ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టండి. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవానికి వెళ్తే అక్కణ్ణుంచి గంటకొకటి పెట్టండి. గుమ్మంలో పేపర్లు పోగుపడనీయండి, వీధి గుమ్మం దీపం పట్టపగలు కూడా వెలగనీయండి, గేటుకి బయటివైపు తాళం వేయండి. చదువుకున్న దొంగకి స్టేటస్, చదువుకోనివాడికి తాళం.

పోలీసులకి మాత్రం చెప్పకండి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని తాళం వేసిన ఇళ్ల కోసం ఒక యాప్ పెట్టారు. ఫోన్‌లో నమోదు చేసుకుని ఫలానా రోజుల్లో ఇంట్లో ఉండమని తెలియజేస్తే, వాళ్లే వచ్చి కదలికను పసిగట్టే కెమెరా బిగిస్తారు. లోపల ఎవరైనా తిరిగితే కంట్రోల్ రూముకి కబురు పోతుంది. దీనికి పైసా తీసుకోరు. ఉచితంగా వచ్చినదానికి విలువేముందండి!

10. దొంగతనం జరిగాక ఇల్లు కడగండి

ఇంత చక్కగా ఏర్పాట్లు చేసుకున్నాక ఆ రోజు రాక మానదు. రాగానే కంగారుపడకండి. ముందు బంధువులందరినీ పిలిచి బీరువా చూపించండి. ప్రతి ఒక్కరూ పిడి పట్టుకుని, "ఇక్కణ్ణుంచేనా పోయింది?" అని అడగాలి. కుక్కకి వాసన దొరక్కుండా దొంగ చల్లిపోయిన కారం చీపురుతో ఊడ్చి, నేల కడిగి, ముగ్గు పెట్టండి. క్లూస్ టీమ్ వచ్చేసరికి ఇల్లు పెళ్లింటిలా ఉండాలి. వేలిముద్రలు మీ మేనత్తవీ, పక్కింటి బాబాయిగారివీ దొరుకుతాయి. ఏం పోయిందన్న జాబితా, నగల ఫొటోలు, కొన్న రసీదులు ముందే దాచుకుని ఉంటే కేసు తొందరగా తెమిలిపోయే ప్రమాదముంది, కాబట్టి ఆ పని కూడా చేయకండి.

కాగితం పక్షాన రెండు మాటలు

వెటకారం అయిపోయింది కాబట్టి ఇప్పుడు సూటిగా చెబుతాను. అలారం సంగతి కోనసీమకి కొత్తగా నేర్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి హెచ్చరిక, 13 లక్షలైతే రెండోది, 17 లక్షలు దాటితే మూడోది. మొదటి మాట చెవిన పడగానే లంకల్లో పశువుల్ని గట్టుకి తోలేది ఎవరో, ధాన్యం ఎక్కడికి చేర్చాలో, ముసలివాళ్లని ఏ ఇంటికి పంపాలో తెలుసు. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు మునిగాయి గాని, వరద మీదపడేదాకా సంగతి తెలియనివాడు లేడు. ఆ హెచ్చరిక పనిచేసేది మోత వల్ల కాదు, విన్నవాడికి తన పనేమిటో ముందే తెలిసి ఉండడం వల్ల.

ఇంటి అలారంలో మనం వదిలేసేది అదే. పానెల్ కొంటాం, సెన్సర్లు అంటిస్తాం, మోగితే ఎవరు లేవాలో అనుకోం. ఖరీదైన కిట్టు కన్నా ఈ నాలుగు పనులు ఎక్కువ కాపాడతాయి. పెరటి తలుపుకి గట్టి గడియ వేయించండి. నెలనెలా ఒకటో తారీఖున పరీక్ష మీట నొక్కి హారన్, బ్యాటరీ, సిమ్ము మూడూ బతికున్నాయో లేదో చూడండి. ఆ మోత ఎలా ఉంటుందో ఇరుగుపొరుగుకి వినిపించి, అది విన్నప్పుడు ఒంటరిగా లోపలికి రావద్దని, దీపాలు వేసి కేకలు పెట్టమని, 112కి ఫోన్ చేయమని చెప్పండి. ఇంట్లో ఆడవాళ్లకి, పెద్దవాళ్లకి మీటలు నేర్పండి.

మీ అలారం అర్ధరాత్రి మోగితే వీధిలో ముందుగా లేచేది ఎవరో ఇవాళే అనుకోండి. ఒక్క పేరు కూడా తట్టకపోతే, కిట్టు కొనడం ఆపి ఆ పేరు సంపాదించుకోండి.